టాంజానియా పల్లెకు మిషనరీగా వెళుతున్న బ్రదర్‌కు నా జవాబు

బ్రదర్ గారూ, మీరు రాసినదాన్ని నేను అర్థం చేసుకున్న మేరకు ప్రశ్న ఇది. గురువిద్యలో చివరి సంవత్సరం చదువుతున్నారు. గురుపట్టాభిషేకం అయ్యాక ఉత్తర టాంజానియాలోని షిన్యాంగా ప్రాంతానికి, సుకుమా ప్రజల పల్లెలకు పంపుతామని మీ సభ పెద్దలు చెప్పారు. అక్కడ మిషనరీకి రోజువారీ పని ఏమిటి, భాష ఎంత కష్టం, జబ్బుల సంగతి, భద్రత సంగతి ఏమిటి, భయపడుతున్న అమ్మానాన్నలకు ఏం చెప్పాలి అని అడిగారు. చివర "అక్కడ నేను ఏమి కట్టగలను, ఏమి మార్చగలను?" అని కూడా రాశారు.

ముందు ఆ చివరి ప్రశ్నకే సూటిగా జవాబిస్తాను. మొదటి మూడేళ్ళు ఏమీ కట్టకండి, ఏదీ మార్చాలని చూడకండి. భాష నేర్చుకోండి, ఉపదేశి (గురువు లేనప్పుడు ప్రార్థన నడిపి, పాఠం చెప్పే ఊరి విశ్వాసి) వెంట నడవండి, ఇళ్ళలో కూర్చోండి, దివ్యసంస్కారాలు ఆలస్యం లేకుండా అందించండి. అక్కడి సంఘాన్ని నిలబెట్టేది గురువు కాదు. ఉపదేశులు, చిన్న సంఘాల్లోని ఆడవాళ్ళు. మీరు వారికి తోడుగా వెళుతున్నారు. ఈ మాట ఒంటబట్టినవారికి ఆ జీవితం చాలా నిండుగా ఉంటుంది. ఒంటబట్టనివారు రెండేళ్ళు తిరగకముందే ఏదో కారణం చెప్పి వెనక్కి వస్తారు, లేదా అక్కడే ఉండి తమ చుట్టూ గోడ కట్టుకుంటారు.

నేను షిన్యాంగా ప్రాంతంలో పదేళ్ళకు పైగా విచారణ గురువుగా, అంటే ఒక దేవాలయం, దాని కింది ఊళ్ళ బాధ్యత చూసే గురువుగా, పనిచేసి వచ్చాను. కింద రాసేదంతా ఆ అనుభవం నుంచే. మరో దేశంలో, మరో జాతి మధ్య కొన్ని సంగతులు తప్పకుండా వేరుగా ఉంటాయి.

బయలుదేరే ముందు ఆ సంఘం చరిత్ర కాస్త చదువుకోండి. హోలీ గోస్ట్ సభ గురువులు 1868లో సముద్రతీరంలోని బగమోయోలో మిషను స్థాపించారు. బానిసల సంతలో అమ్ముడుపోతున్నవారిని డబ్బిచ్చి విడిపించి అక్కడ నిలువనీడ ఇచ్చారు. అదే 1868లో అల్జీర్స్‌లో లావిజెరీ అగ్రపీఠాధిపతి స్థాపించిన వైట్ ఫాదర్స్ సభవారు మరో పదేళ్ళకు తీరం నుంచి లోపలికి నడిచి విక్టోరియా సరస్సు ప్రాంతానికి చేరారు. జ్ఞానస్నానం కోరి వచ్చినవారిని నాలుగేళ్ళపాటు సిద్ధం చేయాలని లావిజెరీ నియమం పెట్టాడు. తొందరపడి సంఖ్య పెంచుకోవద్దన్నది ఆయన పట్టుదల. ఆ ఓపిక వల్లనే అక్కడి విశ్వాసానికి అంత లోతు వచ్చిందని నేను నమ్ముతాను. 1960లో బుకోబా ప్రాంతపు లౌరియన్ రుగాంబ్వా కార్డినల్ అయ్యారు. ఆధునిక కాలంలో ఆఫ్రికా జాతుల నుంచి ఆ పదవి పొందిన మొదటి వ్యక్తి ఆయన. మన తెలుగువారిలో మొదటి కార్డినల్ పూల ఆంథోని గారు ఆ పదవి పొందింది 2022లో. అంటే మీరు మనకంటే చిన్న సంఘానికి పెద్దన్నగా వెళ్ళడం లేదు. 1969లో ఆరవ పౌలు పోపు కంపాలాకు వచ్చినప్పుడు ఆఫ్రికావారితో ఇకపై మీకు మీరే మిషనరీలు అని చెప్పారు. ఆ మాట అక్కడి వృద్ధ గురువులకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

మనకూ ఈ కథతో ఒక చుట్టరికం ఉంది. నెల్లూరు, గుంటూరు పల్లెల్లో తిరిగిన మిల్‌హిల్ సభ గురువులే 1895లో తూర్పు ఉగాండాకూ వెళ్ళారు. మన తాతలకు జ్ఞానస్నానం ఇచ్చిన గురువుల తోటివారు అక్కడివారి తాతలకు ఇచ్చారు. ఇప్పుడు ఇక్కడి పిల్లలు అక్కడికి వెళుతున్నారు. ఇది నాకు చాలా సంతోషం కలిగించే విషయం.

వారం ఎలా గడుస్తుంది

విచారణ కేంద్రంలో దేవాలయం, గురువుల ఇల్లు ఉంటాయి, అదృష్టం బాగుంటే సిస్టర్ల డిస్పెన్సరీ కూడా ఉంటుంది. చుట్టూ ఉపకేంద్రాలు ఉంటాయి, వాటిని కిగాంగో అంటారు. మా విచారణలో అవి ఇరవైకి దగ్గరగా ఉండేవి. అన్నిటికంటే దూరంగా ఉన్నదానికి ఎండాకాలంలో మోటార్‌సైకిల్ మీద రెండు గంటలు పట్టేది. ఇద్దరు గురువులం ఎంత తిరిగినా ఒక్కో కిగాంగోకు నెలకు ఒక్క దివ్యపూజ మాత్రమే ఇవ్వగలిగేవాళ్ళం. వానలు మొదలైతే అదీ కష్టమే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు పడతాయి. అక్కడ చాలాచోట్ల నేల నల్లరేగడి. గుంటూరు, ప్రకాశం పత్తిచేల మధ్య పెరిగినవారికి ఆ మట్టి సంగతి చెప్పనక్కరలేదు, అక్కడ కూడా దానిమీద వేసేది పత్తే. గట్టి వాన ఒకటి పడితే బండి చక్రం కదలదు. చెప్పులు చేతపట్టుకుని నడవాల్సిందే.

మరి గురువు రాని ఆదివారాలు? అవన్నీ ఉపదేశివి. కటెకిస్టా అని పిలుస్తారు. ఆయన సామాన్య రైతు. విచారణ ఇచ్చేది చిన్న మొత్తం, కొన్నిచోట్ల అదీ ఉండదు. పొలం పని చేసుకుంటూనే ఆదివారం ప్రార్థన నడుపుతాడు, జ్ఞానస్నానానికి సిద్ధమయ్యేవారికి పాఠం చెబుతాడు, గురువు అందకపోతే శవసంస్కారం చేస్తాడు, రోగులెవరో పేర్లు రాసి ఉంచుతాడు. నాతో ఎక్కువ కాలం పనిచేసిన ఉపదేశి ఏ ఇంటికి వెళ్ళబోయినా గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆపి లోపలి పరిస్థితి చెప్పేవాడు. ఈ ఇంట్లో కోడలు అలిగి పుట్టింటికి వెళ్ళింది, ఆవుల పంపకం గురించి అన్నదమ్ములు మాట్లాడుకోవడం లేదు, ఈ తల్లి పోయిన నెల బిడ్డను పోగొట్టుకుంది. ఆ ఒక్క నిమిషం లేకపోతే నేను అన్నిచోట్లా తప్పుమాట మాట్లాడి ఉండేవాడిని. గురువిద్యాలయంలో మనం ఏళ్ళ తరబడి చదివే వేదాంతాన్ని ఆ మనుషుల జీవితాలకు అతికించేది ఆయనే.

కిగాంగోకు వెళ్ళే రోజు ఎలా ఉంటుందో చెబుతాను. వేకువనే బయలుదేరి వెళ్ళేసరికి చెట్టుకింద జనం కూర్చుని ఉంటారు. మొదట పాపసంకీర్తనాలు, అంటే ఒక్కొక్కరు గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం, దాదాపు గంటసేపు. తర్వాత దివ్యపూజ, రెండు మూడు గంటలు. గాయకబృందం లేచి నిలబడి పాడుతుంది, డప్పులు మోగుతాయి, చిన్నపిల్లలు వరుసలో అడుగులు వేస్తూ వస్తారు, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ ఆనందధ్వని చేస్తారు. గడియారం చూడకండి. కానుకల్లో నాణేలు తక్కువ, పంట ఎక్కువ. మొక్కజొన్నలు, గుడ్లు, చిలగడదుంపలు, కాళ్ళు కట్టిన కోడి వస్తాయి. పూజ అయ్యాక వాటిని దేవాలయం ముందే వేలం వేస్తారు. కోడిని పాడుకున్నవాడు దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేస్తే మరోసారి వేలం వేస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత భోజనం. ఉగాలి అంటే మొక్కజొన్న పిండితో వండిన గట్టి సంకటి. దానితోపాటు ఆకుకూర, చిక్కుడుగింజలు, లేదా సరస్సు నుంచి వచ్చే దగా అనే చిన్న ఎండుచేపలు. మనం చేత్తో కలుపుకుని తినేవాళ్ళం కాబట్టి మొదటి పూటే వాళ్ళు మనతో కలిసిపోతారు. భోజనం తర్వాత పెద్దల సమావేశం, రోగుల ఇళ్ళు, చీకటి పడకముందు తిరుగు ప్రయాణం.

ఒక చిన్న హెచ్చరిక. స్వాహిలీలో గంటలు ఉదయం ఆరు నుంచి లెక్కపెడతారు. మూడో గంటకు పూజ అంటే తొమ్మిదింటికి అని. ఇది తెలియక కొత్తవారు ఆరు గంటలు తేడాతో వెళ్ళడం మామూలే.

జుముయా గురించి తెలియకపోతే ఏదీ తెలియదు

తూర్పు ఆఫ్రికా పీఠాధిపతుల సమాఖ్య 1976లో చిన్న క్రైస్తవ సంఘాలను తమ ప్రధాన పనిగా ప్రకటించింది. స్వాహిలీలో జుముయా అంటారు. పక్కపక్కన ఉండే పది, పదిహేను కుటుంబాలు ఒక పునీతుని పేరు పెట్టుకుని వారానికొకసారి ఎవరో ఒకరింట్లో చేరతాయి. వచ్చే ఆదివారపు సువార్త చదువుకుంటాయి, తర్వాత తమ మధ్య ఎవరికి ఏ కష్టం ఉందో మాట్లాడుకుంటాయి. బిడ్డకు జ్ఞానస్నానం కావాలన్నా, పెళ్ళి కావాలన్నా ఆ ఇంటివారు తమలో ఉన్నారని జుముయా చెప్పాలి. మొదట నాకు ఇది కాగితాల వ్యవహారంలా కనిపించింది. తర్వాత చూశాను, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో విచారణ కార్యాలయానికంటే ముందు జుముయాకు తెలుస్తుంది. వీటిని నడిపేది ఎక్కువగా స్త్రీలు. 1972లో ఏర్పడిన టాంజానియా కతోలిక మహిళల సంఘం వవాటా శాఖ మారుమూల కిగాంగోలో కూడా ఉంటుంది. మీకు ఏ కొత్త ఆలోచన వచ్చినా ముందు వాళ్ళ దగ్గర పెట్టండి. వాళ్ళు వద్దంటే ఆపేయండి.

భాష

స్వాహిలీ మనకు పలకడానికి సులువు. మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, రాసినట్టే పలుకుతారు. కష్టమంతా నామవాచకాల తరగతులలో ఉంది. మాట మారితే దానితోపాటు విశేషణం, క్రియ అన్నిటి ముందక్షరాలూ మారతాయి. దీనికి పద్ధతిగా పాఠం కావాలి. తబోరా దగ్గర కిపలపలాలో, ముసోమా దగ్గర మకోకోలో మిషనరీల కోసం భాషా పాఠశాలలు ఉన్నాయి. కనీసం నాలుగు నెలలు అక్కడ ఉండనివ్వమని గట్టిగా అడగండి. మనుషులు తక్కువగా ఉన్నారు, నేరుగా విచారణకు వచ్చి నెమ్మదిగా నేర్చుకోండి అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. అలా వచ్చినవారు ఐదేళ్ళ తర్వాత కూడా ప్రసంగం కాగితం చూసి చదువుతున్నారు.

స్వాహిలీతో పని పూర్తి కాదు. నూటికి పైగా జాతులను ఒక్క దేశంగా కలపడానికి తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే స్వాహిలీని దేశభాషగా నిలిపాడు. (ఆయన భక్తిగల కతోలికుడు, బడిపంతులు. ఆయనను పునీతుడిగా ప్రకటించే ప్రక్రియ 2005లో మొదలైంది. ఆయన గురించి తెలుసుకోకుండా ఆ దేశంలో అడుగుపెట్టకండి.) కానీ ఇంట్లో, పొలంలో, ఏడుపులో సుకుమావారి భాష కిసుకుమా. వృద్ధులు పాపసంకీర్తనం చేసేది ఆ భాషలోనే. రెండో ఏడాది నుంచి వారానికి రెండు పూటలు ఎవరైనా ముసలమ్మ దగ్గర కూర్చుని నేర్చుకోండి. పొద్దున్నే 'మ్వంగలుకా' అని పలకరించి, ఆవులు, పిల్లలు, వాన, పొలం అన్నిటి క్షేమం అడిగాక గానీ అసలు పనిలోకి దిగకూడదు. వయసులో పెద్దవారు ఎవరైనా సరే, మీరే ముందుగా 'షికమో' అనండి. గురువు కాబట్టి ఎదుటివారే ముందు నమస్కరించాలని ఎదురుచూసే అలవాటు మన విచారణల్లో కొందరికి ఉంది. దాన్ని విమానాశ్రయంలోనే వదిలేయండి.

ఇంకో సంగతి. ఆ ప్రాంతంలో భారతీయుడంటే దుకాణదారు. గుజరాతీ వ్యాపారులు తరతరాలుగా మ్వాంజా, షిన్యాంగా పట్టణాల్లో ఉన్నారు. అందువల్ల మిమ్మల్ని చూడగానే పిల్లలు 'మ్హిందీ' అని అరుస్తారు, పెద్దలు నీ దుకాణం ఎక్కడ అని అడుగుతారు. తెల్లగురువుకు దొరికినంత సులువుగా మనకు గురువు అన్న గుర్తింపు దొరకదు. బాధపడకండి. మన దగ్గర విదేశీ నిధులు లేవని వాళ్ళకు అర్థమయ్యాక ఏర్పడే స్నేహం చాలా నికార్సైనది.

పెళ్ళిళ్ళు, ఆవులు, ఇద్దరు భార్యలు

మీ వేదాంత పరిజ్ఞానానికి అసలు పరీక్ష ఇక్కడ ఎదురవుతుంది. సుకుమా పెళ్ళిలో అబ్బాయి తరఫువారు అమ్మాయి తండ్రికి ఆవులు ఇవ్వాలి. ఆవులు పూర్తిగా ఇచ్చేదాకా పెళ్ళి పూర్తి కాదు. కాబట్టి జంటలు కలిసి కాపురం చేస్తూ, పిల్లలను కంటూ, ఏళ్ళ తరబడి దేవాలయంలో పెళ్ళి లేకుండా ఉండిపోతారు. అందువల్ల దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) స్వీకరించలేరు. ఆదివారం గుడి నిండా జనం ఉంటే సత్ప్రసాదానికి వచ్చేది కొద్దిమంది. వారిని వేదిక మీద నుంచి మందలించడం వల్ల ఏమీ ఒరగదు. నేను చేసింది ఇది: ఉపదేశితో కలిసి రెండు కుటుంబాల పెద్దలను కూర్చోబెట్టి, మిగిలిన ఆవులు తర్వాత ఇవ్వవచ్చని, ముందు దేవాలయంలో పెళ్ళి చేద్దామని అడగడం. కొందరు మామలు ఒప్పుకున్నారు, చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకున్న ఊళ్ళలో ఒక్కరోజే చాలా జంటలకు, వాళ్ళ పిల్లలు చూస్తుండగా, పెళ్ళిళ్ళు చేశాం.

బహుభార్యత్వం ఇంకా క్లిష్టమైనది. కతోలిక సభ ధర్మశాస్త్రంలోని 1148వ నియమం మీరు చదివే ఉంటారు. అనేకమంది భార్యలున్నవాడు జ్ఞానస్నానం పొందితే ఒక్కరినే ఉంచుకోవాలి, పంపివేసినవారి పోషణకు న్యాయంగా ఏర్పాటు జరగాలి. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. పల్లెలో మాత్రం, వయసు మళ్ళిన రెండో భార్య ఎక్కడికి వెళుతుంది? మా కిగాంగోలో ముగ్గురు భార్యలున్న ఒక పెద్దాయన ప్రతి ఆదివారం తప్పకుండా వచ్చేవాడు, వెనక బల్ల మీద కూర్చునేవాడు. గుడి గోడలకు ఇటుకలు కాల్చినవారిలో ఆయన ముందున్నాడు. జ్ఞానస్నానం మాట ఎత్తితే, వీళ్ళలో ఎవరినీ వీధిలో పెట్టలేను ఫాదర్, దేవుడు నన్ను బయటి నుంచే చూడనివ్వండి అనేవాడు. ఆయన మరణశయ్య మీద ఉన్నప్పుడు ఉపదేశి వెళ్ళి జ్ఞానస్నానం ఇచ్చాడు. ఆ పెద్దాయనది కపటం అని నాకు ఎన్నడూ అనిపించలేదు. అలాంటి ఇళ్ళలో తొందరపడి తీర్పు చెప్పకండి, మీ పీఠాధిపతిని అడిగి, నిదానంగా నడవండి.

చేతబడి భయం

దీని గురించి ఎవరూ మీకు ముందుగా చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. సుకుమా ప్రాంతంలో ముసలి ఆడవాళ్ళను, ముఖ్యంగా ఒంటరి వితంతువులను, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో చంపిన ఘటనలు చాలా ఉన్నాయి. ఎర్రటి కళ్ళను అందుకు గుర్తుగా చూస్తారు. ఆ కళ్ళు ఎర్రబడేది జీవితమంతా పేడపిడకల పొగలో వంట చేయడం వల్ల. బొల్లి కాదు, పుట్టుకతోనే ఒంటి రంగు లేకుండా ఉండేవారిని వారి అవయవాల కోసం చంపిన దారుణాలు కూడా ఆ ప్రాంతంలోనే వెలుగుచూశాయి. 2015 జనవరిలో ప్రభుత్వం అనుమతి లేని మంత్రవైద్యులను నిషేధించింది. భయం మాత్రం చట్టంతో పోలేదు. మెదక్ వైపు బాణామతి పేరుతో జరిగిన హత్యల గురించి విన్న తెలుగువారికి ఇది వింతగా అనిపించదు. మనం పైనుంచి మాట్లాడే హక్కు లేనివాళ్ళం.

ఒకసారి మా కిగాంగోలో ఒక పసివాడు జ్వరంతో చనిపోయాడు. మూడోరోజుకే వేళ్ళన్నీ నాయనమ్మ వైపు తిరిగాయి. ఉపదేశి సైకిల్ మీద వచ్చి చెప్పాడు. నేను వెళ్ళి ప్రార్థించాను, మాట్లాడాను, ఊరి అధికారికి తెలియజేశాను. కానీ ఆమెను బతికించింది జుముయా ఆడవాళ్ళు. రాత్రికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని ఆమె గుడిసెలో పడుకున్నారు. ఆమె మీద చెయ్యి వేయాలంటే ముందు ఊళ్ళోని సగం ఇళ్ళ తల్లుల మీద వేయాలి అన్నమాట. నెలల తరబడి అలా చేశారు. తర్వాత మా సిస్టర్లు పొగ తక్కువ వచ్చే మట్టిపొయ్యిలు పెట్టడం నేర్పారు, కంటి పరీక్షలు చేయించారు. దెయ్యాలు లేవు, అదంతా మూఢత్వం అని నేను ప్రసంగాలు దంచి ఉంటే ఒక్కరూ కదిలేవారు కారు. బిడ్డ ఎందుకు చనిపోయాడు అని ఏడుస్తున్న తల్లికి జవాబు కావాలి. ఆ దుఃఖం పక్కన కూర్చోగలిగినవాడి మాటనే ఆ తర్వాత వింటారు.

డబ్బు, కట్టడాలు

మొదటి మూడేళ్ళు కట్టవద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెప్పవచ్చు. బయటి డబ్బుతో, ఊరివారిని అడగకుండా వేసిన చేతిపంపులు ఎన్నో చోట్ల చిన్న భాగం విరిగి అలాగే పడి ఉన్నాయి. మళ్ళీ ఎవరో వచ్చి బాగు చేస్తారని జనం ఎదురుచూస్తున్నారు. ఇంకోచోట పంపు పెట్టకముందే ఊరివారు సంఘం ఏర్పాటు చేసుకుని, కోతల సమయంలో ఇంటికింత ధాన్యం పోగుచేశారు. ఆ పంపు నేను వచ్చేసేదాకా పనిచేస్తూనే ఉంది. దేవాలయాల విషయంలో మా విచారణ మండలి ఒక నియమం పెట్టుకుంది. గోడలు ఊరివి, పైకప్పు రేకులు విచారణవి. ఇటుకలు కోసి, కాల్చి, గోడలు లేపినదాకా రేకుల మాట ఎత్తకూడదు. కొన్నిచోట్ల అందుకు చాలా ఏళ్ళు పట్టింది. పట్టనివ్వండి.

మీ దగ్గరకు రోజూ సాయం అడగడానికి వస్తారు. ఫీజు, మందులు, గింజలు. ఒక్కరికి జేబులోంచి ఇస్తే మర్నాడు పదిమంది నిలబడతారు, లేదనిపించుకున్న తొమ్మిదిమందికి మనసు విరుగుతుంది. విచారణ మండలిలోని సహాయ సంఘం ద్వారానే ఇవ్వండి, ఎవరికి నిజంగా అవసరమో వాళ్ళకు తెలుసు. దీనికి ఒక్క మినహాయింపు ఉంది. అర్ధరాత్రి ప్రసవం కష్టమైందని తలుపు కొడితే ఎవరినీ అడగకండి, బండి తీయండి. చాలా ఊళ్ళకు మిషను బండే అంబులెన్సు. అందుకే సగం టాంకు డీజిల్ ఎప్పుడూ తగ్గకూడదని మా ఇంట్లో కట్టుబాటు ఉండేది.

ఆరోగ్యం

సరస్సు ప్రాంతంలో మలేరియా తీవ్రంగా ఉంటుంది, అది ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. మన ఏజెన్సీలో పనిచేసి వచ్చాను, నాకు అలవాటే అనుకోకండి. జ్వరం వచ్చిన రోజే వేలి రక్తపరీక్ష చేయించుకోండి. పారాసెటమాల్ వేసుకుని రెండు రోజులు చూద్దాం అన్నవారిని మ్వాంజాలోని బుగాండో ఆసుపత్రికి మోసుకెళ్ళాల్సి వచ్చింది. సాధారణ మలేరియాకు అక్కడ వాడే ఆర్టిమెథర్, లూమెఫాంట్రిన్ మాత్రలు పెద్దవారు పూటకు నాలుగు చొప్పున రోజుకు రెండుసార్లు మూడు రోజులు వేసుకోవాలి, కాస్త కొవ్వు ఉన్న ఆహారంతో. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా వద్దు. విక్టోరియా సరస్సులో స్నానం చేయకండి, నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా వస్తుంది. కెన్యా, ఉగాండాల మీదుగా రాకపోకలు ఉంటాయి కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ ధ్రువపత్రం 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది.

అమ్మానాన్నలకు ఏం చెప్పాలి

వాళ్ళు సింహాల గురించి, యుద్ధాల గురించి భయపడుతూ ఉంటారు. నిజమైన ప్రమాదం రోడ్డు. హెల్మెట్ లేకుండా మోటార్‌సైకిల్ ఎక్కనని, రాత్రి దూరప్రయాణం చేయనని వాళ్ళకు మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఎన్నికల రోజుల్లో పట్టణాలకు దూరంగా ఉండండి. ఫోను చాలా పల్లెల్లో పనిచేస్తుంది, వారానికి ఒక నిర్ణీత సమయంలో మాట్లాడండి.

ఒక సంగతి మాత్రం దాచవద్దు. ఇంట్లో ఎవరైనా పోతే మీరు సమయానికి రాలేకపోవచ్చు. మా నాన్నగారు పోయినప్పుడు వానాకాలం. నేను మా ఊరు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. తిరిగి విచారణకు వెళ్ళిన సాయంత్రం నుంచి కిగాంగోల వారు ఒక్కొక్కరుగా రావడం మొదలుపెట్టారు. సుకుమావారు చావింట్లో రోజుల తరబడి కూర్చుంటారు, ఏదో ఓదార్పు మాట చెప్పి లేచిపోరు. అలాగే నా దగ్గరా కూర్చున్నారు. కట్టెలు, పిండి తెచ్చుకుని మా పెరట్లోనే వండుకున్నారు. మా నాన్నగారు ఏ పంట వేసేవారు, ఎన్ని ఆవులు ఉండేవి అని అడిగి అడిగి చెప్పించుకున్నారు. మీరు అక్కడ ఒంటరిగా ఉండరని మీ అమ్మగారికి ధైర్యంగా చెప్పవచ్చు. అయితే సాయంత్రాలు ఒంటరితనం ఉంటుంది, అది వేరే. అందుకే ఒక్కరినే విచారణలో పెడతామంటే ఒప్పుకోకండి, కనీసం ఇద్దరు ఉండాలి.

వీలైతే మొదటి ఏడాదే మ్వాంజా దగ్గరి బుజోరాకు వెళ్ళండి. డేవిడ్ క్లెమెంట్ అనే వైట్ ఫాదర్స్ గురువు అక్కడ సుకుమా సంస్కృతికి ఒక సంగ్రహాలయం నిలబెట్టాడు. దేవాలయం కూడా సుకుమా ఇంటి ఆకారంలోనే ఉంటుంది. దివ్యసత్ప్రసాద మహోత్సవం తర్వాత జరిగే బులాబో పండుగలో బగికా, బగలూ అనే రెండు నృత్య వర్గాలు పోటీపడతాయి. ఆ ప్రజలు తమ ఆటపాటలను వదులుకోకుండానే క్రీస్తును ఎలా స్వీకరించారో వంద ప్రసంగాల కంటే ఆ ఒక్క రోజు బాగా చెబుతుంది.

ఇక మీరు చేయవలసిన మొదటి పని. అవునని చెప్పే ముందు మీ సభ పెద్దలను ఈ విషయాలు అడగండి: భాషా పాఠశాలకు ఎన్ని నెలలు ఇస్తారు, మీతో ఇంకెవరు ఉంటారు, మిషనరీలకిచ్చే సీ తరగతి నివాస అనుమతి ఎవరు తీస్తారు, దాని ఖర్చు ఎవరిది, వైద్య బీమా ఉందా, ఎన్నేళ్ళకు ఒకసారి ఇంటికి పంపుతారు, అక్కడి పీఠాధిపతితో మీ సభకు రాతపూర్వక ఒప్పందం ఉందా. జవాబులు కాగితం మీద తీసుకోండి. అవి సరిగ్గా ఉంటే నిస్సంకోచంగా వెళ్ళండి. మిమ్మల్ని ఏ విచారణకు పంపుతున్నారో తెలిశాక ఇక్కడే రాయండి, ఆ చుట్టుపక్కల నాకు తెలిసిన ఉపదేశులు ఉంటే పరిచయం చేస్తాను.